ఫేస్‌బుక్ రాతల్ని దాచుకోవడం ఒక్కరి చేతిలో పనే

సంపాదకులకు,

ఫేస్‌బుక్‌లో వస్తున్న కవిత్వం గురించి సాహిత్య పేజీల్లో చర్చ తరచూ నడుస్తూనే ఉంది. అది కవిత్వమా కాదా అన్న వాదన ఎటు తేలినా, రేపు వెతుక్కుంటే అది ఎక్కడ దొరుకుతుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. మీ పత్రికలో అచ్చయిన కవితకు వేల ప్రతులు ఉంటాయి. 1954లో వచ్చి 1956లో పత్రికలకూ వర్తించిన చట్టం ప్రకారం మీ పత్రిక కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ చేరాలి. పాత సంచిక కావాలంటే 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనంలోనో, 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంలోనో వెతుక్కోవచ్చు. ఫేస్‌బుక్ పోస్టుకు సాధారణంగా ఉన్నది ఒక్కటే ప్రతి. అదీ మన చేతిలో లేదు.

ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయింది. ప్రవాసాంధ్రుల సాహిత్య చర్చలు ఎన్నో నడిచిన యాహూ గ్రూపుల పాత సందేశాలను ఆ సంస్థ 2019 డిసెంబరులో తుడిచేసింది. మన దేశంలోనే పుట్టి తెలుగుకూ చోటిచ్చిన 'కూ' యాప్ 2024 జులైలో ఆగిపోయింది. అన్నిటికంటే మనకు దగ్గరగా తగిలిన దెబ్బ 2025 ఫిబ్రవరి నాటిది: ఫేస్‌బుక్ లైవ్ వీడియోలు ఇకమీదట 30 రోజులే ఉంటాయని, పాతవి డౌన్‌లోడ్ చేసుకోకపోతే తొలగిస్తామని ఆ సంస్థ చెప్పింది. కరోనా కాలంలో లైవ్‌లో జరిగిన పుస్తకావిష్కరణలు, స్మారక సభలు ఆ గడువులోపు ఎన్ని కిందకి దిగాయో వాటిని నిర్వహించినవారే చెప్పాలి.

ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో చేయాల్సిన పని ఇది అంటారు. నిజమే, కాని అది జరిగేలోపు ఒక సాహిత్య సంస్థ, ఒక ఊరి చరిత్ర గ్రూపు, ఒక పాఠకుల క్లబ్బు తమ మట్టుకు తాము చేసుకోవచ్చు. ముప్పై నలభై మంది రచయితల పోస్టులను దాచి, వెతుక్కునేందుకు వీలుగా పెట్టే సేవను కంప్యూటర్ పని తెలిసిన ఒక్కరు తీరిక వేళల్లో నడపగలరు. అయితే ఒక్కరు నడిపే సేవలో మొదట విరిగేది ఆ ఒక్కరే. ఉద్యోగం మారుతుంది, ఆరోగ్యం దెబ్బతింటుంది, ఆసక్తి చచ్చిపోతుంది. అందుకే మొదటిరోజు నుంచీ ప్రతి నిర్ణయానికీ ఒకే గీటురాయి పెట్టుకోవాలి: నడిపేవారు రేపు మానేసినా, ఆ ఫైళ్లను ఇంకొకరు ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ లేకుండా తెరిచి చదవగలరా? ఈ ఉత్తరంలో చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి ప్రశ్న పోస్టుల్ని ఎలా తేవాలన్నది. ప్రోగ్రాం రాసి ఫేస్‌బుక్ పేజీలను గీకి తేవడం చాలామందికి ముందు తట్టే దారి. దాన్ని వదిలేయడం మంచిది. లాగిన్ లేకుండా ఆ పేజీలు సరిగా తెరుచుకోవు. లాగిన్‌తో యంత్రం చేత తెరిపిస్తే ఖాతాకు తాళం పడవచ్చు. పేజీ అమరిక తరచూ మారుతుంది కాబట్టి ఈ నెల పనిచేసిన ప్రోగ్రాం వచ్చే నెల ఖాళీ చేతులతో వస్తుంది. గ్రూపుల పోస్టులు తెచ్చుకునేందుకు ఉన్న అధికారిక ఏపీఐని (ప్రోగ్రాంలు నేరుగా సమాచారం తీసుకునే దారిని) ఫేస్‌బుక్ 2024 ఏప్రిల్‌లో తీసేసింది. ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) పోస్టులు చదివి తెచ్చుకునే ఉచిత దారి 2023లో దాదాపు మూసుకుపోయింది. వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో లింకు వేస్తే సరిపోతుందని కొందరంటారు. బ్లాగులకూ వార్తల పేజీలకూ అది అద్భుతమైన సాధనం. ఫేస్‌బుక్ లింకు వేస్తే మాత్రం చాలాసార్లు కవితకు బదులు లాగిన్ పేజీ భద్రమవుతుంది. 'సేవ్ అయింది' అన్న సందేశం చూసి వెళ్లిపోకుండా ఆ కాపీని తెరిచి చూడాలి.

నిలిచే దారి రచయిత చేతనే ఆయన ఖాతా సమాచారాన్ని డౌన్‌లోడ్ చేయించడం. ఇందులో అనుమతి సమస్య కూడా సగం తీరిపోతుంది. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ఖాతా సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే చోట మూడు విషయాలు చూసుకోవాలి. ఫార్మాట్ దగ్గర మామూలుగా హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రూపం) ఉంటుంది, దాన్ని ప్రోగ్రాంలు తేలిగ్గా చదవగలిగే జేసన్‌కు మార్చాలి. తేదీల దగ్గర మొత్తం కాలం ఎంచుకోవాలి; చూసుకోకపోతే గత ఏడాదివి మాత్రమే రావచ్చు. ఫొటోల నాణ్యత ఎక్కువలో పెట్టాలి. కోరిన తర్వాత ఫైలు తయారు కావడానికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులు పడుతుంది, తయారైన లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది. పెద్దవయసు రచయితల దగ్గర పని ఆగేది ఇక్కడే. పాస్‌వర్డ్ గుర్తుండదు, మెయిల్ చూడరు, లింకు గడువు దాటిపోతుంది. ఒకరు పక్కన కూర్చుని చేయించడమే దీనికి మందు.

వచ్చిన జిప్ ఫైలును అలాగే, ముట్టుకోకుండా, ఒకచోట పెట్టేయాలి. విప్పేది దాని కాపీని. తర్వాత ఎన్ని తప్పులు జరిగినా మళ్లీ మొదలుపెట్టడానికి ఆ జిప్పే ఆధారం. దీన్ని పాటించని ఆర్కైవులు తమ ప్రోగ్రాంలోని పొరపాటును కూడా శాశ్వతంగా భద్రపరుస్తాయి.

విప్పాక కనిపించని సంగతులు కొన్ని ఉంటాయి. గ్రూపుల్లో రాసినవి గోడ మీది పోస్టులతో కలిసి ఉండవు, వేరే ఫోల్డరులో ఉంటాయి. అక్కడ చూడనివారు సగం రచనలు పోయాయనుకుంటారు. రచయిత పోస్టు కింద ఇతరులు రాసిన వ్యాఖ్యలు ఈ డౌన్‌లోడ్‌లో రావు. ఒక కవిత కింద మంచి చర్చ జరిగి ఉంటే ఆ పేజీని రచయిత బ్రౌజర్‌లో తెరిచి, వ్యాఖ్యలన్నీ విప్పి, సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దాచుకోవాలి. స్క్రీన్‌షాట్ కంటే ఇది మేలు, ఎందుకంటే ఇందులో పాఠం పాఠంగానే ఉంటుంది. ఇంకొకటి: ఫేస్‌బుక్ జేసన్‌లో సాధారణంగా పోస్టు లింకు ఉండదు, సమయం ఉంటుంది. కాబట్టి ఒక పోస్టును గుర్తుపట్టడానికి రచయిత పేరు, సెకన్లతో సహా సమయం కలిపి వాడుకోవాలి. పాఠాన్ని గుర్తుగా పెట్టుకుంటే పనికిరాదు. కవులు తమ పోస్టుల్ని మారుస్తూనే ఉంటారు. వచ్చే ఏడాది డౌన్‌లోడ్‌లో అదే సమయంతో వేరే పాఠం వస్తే పాతదాని మీద రాయకుండా రెండో పాఠంగా పక్కన పెట్టాలి. ముద్రిత పుస్తకాల విషయంలో పాఠాంతరాల కోసం పరిశోధకులు పడే పాట్లు తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే తలనొప్పి. ఫేస్‌బుక్ ఇచ్చిన జేసన్‌ను ప్రోగ్రాంతో చదివి చూస్తే తెలుగు కనబడదు. తల మీద గీత ఉన్న లాటిన్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్‌మైనస్ గుర్తో, ఆ పక్కన ఇంకేదో, ఇలా పేజీలకు పేజీలు వస్తాయి. ఫైలు పాడైందనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. పాడు కాలేదు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌ను ఫైలులో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక సంకేతం) మూడు బైట్లు పడతాయి. 'అ' అంటే 224, 176, 133. ఈ మూడు బైట్లను కలిపి ఒక అక్షరంగా రాయాల్సింది పోయి, ఫేస్‌బుక్ ఒక్కో బైటును ఒక్కో లాటిన్ అక్షరంగా రాసేస్తుంది. 224 అంటే ఆ గీత ఉన్న 'ఎ', 176 అంటే డిగ్రీ గుర్తు. తెలుగు సంకేతాలన్నీ 224, 176 తోనో 224, 177 తోనో మొదలవుతాయి కాబట్టే ఆ జంటలు అన్నిచోట్లా కనిపిస్తాయి.

బాగుచేయడం తేలిక. జేసన్‌ను ముందు మామూలుగా చదవాలి. అందులోని ఒక్కో వాక్యాన్నీ, ఒక్కో లాటిన్ అక్షరానికి ఒక్కో బైటు ఇచ్చే లాటిన్-1 పద్ధతిలో బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా తిరిగి చదవాలి. పైథాన్‌లో ఒక్క వరుస. అయితే క్రమం తప్పకూడదు: జేసన్‌ను విప్పకముందే మొత్తం ఫైలు మీద ఈ మార్పు చేయబోతే కుదరదు. ఒకసారి బాగైన వాక్యాన్ని మళ్లీ మారిస్తే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే తెలుగు అక్షరానికి లాటిన్-1లో చోటే లేదు. ఆ ఎర్రర్‌ను కనబడకుండా చేయమని ప్రోగ్రాంకు చెప్పేవారు ఉంటారు. అప్పుడు తెలుగంతా మాయమైపోయో, ప్రశ్నార్థకాలైపోయో, తిరిగి రాదు. అసలు జిప్ దాచుకోమన్నది ఇందుకే. ఇన్‌స్టాగ్రామ్ డౌన్‌లోడ్‌కూ ఇదే జబ్బు, ఇదే మందు.

ఎక్స్ ఇచ్చే ఆర్కైవులో తెలుగు సరిగానే ఉంటుంది, తంటా వేరే. ట్వీట్లున్న ఫైలు అచ్చమైన జేసన్ కాదు, మొదట్లో ఒక జావాస్క్రిప్టు ముక్క అతికించి ఉంటుంది. దాన్ని సమానం గుర్తు దాకా కత్తిరిస్తే మిగిలింది జేసన్. ఇప్పటి ట్వీటు నంబరు 19 అంకెలుంటుంది. దాన్ని సంఖ్యగా తీసుకుంటే జావాస్క్రిప్టులోనూ ఎక్సెల్‌లోనూ చివరి అంకెలు మారిపోతాయి; ఎక్సెల్ 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. కాబట్టి నంబరును ఎప్పుడూ పాఠంగానే దాచాలి. ఆ నంబరులోనే సమయం ఇమిడి ఉందన్నది చాలామందికి తెలియదు. నంబరును 41,94,304తో భాగించి, శేషం వదిలేసి, 12,88,83,49,74,657 కలిపితే 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్ల లెక్క వస్తుంది. 2010 నవంబరు తర్వాతి ట్వీట్లకు ఇది పనిచేస్తుంది. ట్వీటు చెరిగిపోయి లింకు మాత్రమే ఎక్కడో మిగిలినా అది ఎప్పుడు పెట్టిందో ఇలా తేల్చవచ్చు. ట్వీటులోని చిట్టి లింకులను కూడా అప్పుడే అసలు చిరునామాలతో మార్చి పక్కన రాసుకోవాలి. విస్తరించిన చిరునామా అదే ఫైలులో ఉంటుంది.

సమయాలన్నీ అంతర్జాతీయ కాలమానంలో దాచి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలపాలి. కలపకపోతే ఆగస్టు 15 తెల్లవారుజామున ఒంటిగంటకు పెట్టిన పోస్టు 14 రాత్రి ఏడున్నరది అయిపోతుంది. వాట్సాప్ గ్రూపు నుంచి తీసిన పాఠంలో ఇంకో చిక్కు ఉంది. తేదీ రూపం ఫోను సెట్టింగును బట్టి మారుతుంది. 03/04 అంటే ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. ఏ ఫోను నుంచి తీశారో రాసిపెట్టుకుని, నెల మొత్తం చూసి 12 దాటిన అంకె ఎటువైపు వస్తోందో గమనిస్తే తేలుతుంది.

బొమ్మల విషయంలో ఒక్కటే సూత్రం: లింకు కాదు, ఫైలే దాచాలి. ఫేస్‌బుక్ బొమ్మల చిరునామాలో గడువు తేదీ రాసే ఉంటుంది, ఆ తేదీ దాటగానే అది తెరుచుకోదు. ఒక్కో ఫైలుకూ షా-256 హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి ఆ హ్యాష్‌నే ఫైలు పేరుగా పెడితే ఒకే బొమ్మ పదిసార్లు చేరదు. మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. అను ఫాంట్లలో డీటీపీ చేయించిన కవితలు యూనికోడ్ కావు కాబట్టి బొమ్మలుగానే పోస్టవుతాయి. బొమ్మలోని అక్షరాలను చదివే టెసెరాక్ట్ అనే ఉచిత సాధనానికి తెలుగు నమూనా ఉంది. వత్తుల దగ్గరా, అలంకార ఫాంట్ల దగ్గరా బాగా తడబడుతుంది. దాని ఫలితాన్ని వెతుకులాటకు మాత్రమే వాడాలి, కవిత పాఠంగా ఎప్పుడూ చూపకూడదు. తప్పుల తడక పాఠం కవి పేరుతో బయటికి వెళ్తే దాన్ని వెనక్కి తేలేం.

ఇంత చేశాక ఇవన్నీ ఎందులో పెట్టాలి? పోస్టుల పాఠం, సమయం, రచయిత, దొరికిన తేదీ, బొమ్మల జాబితా, అనుమతి స్థితి, వీటికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న ఉచిత డేటాబేసు చాలు. డేటాబేసు మొత్తం ఒకే ఫైలు, నకలు చేసి ఎవరి చేతిలోనైనా పెట్టవచ్చు. దానితోపాటు ప్రతి పోస్టూ మామూలు టెక్స్టు ఫైలుగా సంవత్సరం, నెల ఫోల్డర్లలో ఉండాలి. గీటురాయి గుర్తుందిగా, ఈ టెక్స్టు ఫైళ్లే దానికి జవాబు.

చోటు గురించి బెంగ అక్కర్లేదు. 1,500 సంకేతాల పోస్టు నాలుగున్నర కిలోబైట్లు. పది వేల పోస్టులు 45 మెగాబైట్లు, కుదిస్తే ఇంకా చాలా తక్కువ. ఒక్కో పోస్టుకు 200 కిలోబైట్ల బొమ్మ ఒకటి చొప్పున వేసుకున్నా 2 గిగాబైట్లు. గంట వీడియో మాత్రం ఓ మోస్తరు నాణ్యతతోనే ఒక గిగాబైటు దాకా తినేస్తుంది. వంద సభలంటే వంద గిగాబైట్లు. అందుకే పాఠం, బొమ్మలు సర్వర్ మీదా, వీడియోలు హార్డ్ డిస్కుల మీదా ఉంచుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది.

ఎస్‌క్యూలైట్‌లో వెతుకులాట కోసం ఎఫ్‌టీఎస్5 అన్న భాగం ఉంది. ఇంగ్లిషుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తెలుగుకు ఉన్నది ఉన్నట్టుగా వాడితే నవ్వులపాలు చేస్తుంది. అది అక్షరాలనూ అంకెలనూ మాత్రమే పదంలో భాగంగా చూస్తుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, గుర్తులు. వాటి దగ్గర మాట తెగిపోతుంది. 'కవిత' కాస్తా 'కవ', 'త' అన్న రెండు ముక్కలవుతుంది. 'కవాతు' కూడా సరిగ్గా అవే రెండు ముక్కలు. కవిత కోసం వెతికినవారికి పోలీసుల కవాతు దొరుకుతుంది! వెతుకులాట పట్టిక తయారుచేసేటప్పుడే టోకెనైజర్‌కు (పాఠాన్ని మాటలుగా తుంచే భాగానికి) ఎంఎన్, ఎంసీ అనే రెండు తరగతుల గుర్తులను కూడా పదంలో కలుపుకోమని చెబితే ఇది పోతుంది. పట్టిక కట్టాక గుర్తొస్తే మొత్తం మళ్లీ కట్టాలి.

దానికి ముందు ఇంకో రెండు పనులు. 'ఫేస్‌బుక్' లాంటి మాటల్లో కంటికి కనబడని విడదీసే సంకేతం ఒకటి ఉంటుంది. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. వెతుకులాట కోసం కట్టే పాఠంలోంచి దాన్ని తీసేయాలి, అసలు పాఠంలో ముట్టుకోకూడదు. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒక్క సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. ఎన్ఎఫ్‌సీ అనే సాధారణీకరణ చేస్తే రెండూ ఒకటవుతాయి. వెతికేవారు టైపు చేసిన మాటకు కూడా ఇవే రెండు పనులు చేయాలన్నది మరవకూడదు.

విభక్తుల సంగతి మిగిలే ఉంటుంది. 'నల్లగొండ' అని వెతికితే 'నల్లగొండలో', 'నల్లగొండకు' కూడా రావాలి. మాట మొదలును బట్టి వెతికితే చాలావరకు సరిపోతుంది. 2020 చివరి నుంచి ఎస్‌క్యూలైట్‌లో ఉన్న, పాఠాన్ని మూడేసి సంకేతాలుగా తుంచే ట్రైగ్రామ్ టోకెనైజర్ మాట మధ్యలో ఉన్నదాన్నీ పట్టుకుంటుంది. సూచిక బాగా పెరుగుతుంది, మూడు సంకేతాల కంటే చిన్న మాట దొరకదు. 'కవి' మూడు సంకేతాలు కాబట్టి గట్టెక్కుతుంది, 'వల' గట్టెక్కదు. ఇంగ్లిషు లిపిలో టైపు చేసిన తెలుగుకు మాత్రం యంత్రాల్ని నమ్ముకోవద్దు. ఒకే మాటను పదిమంది పది రకాలుగా రాస్తారు. అలాంటి పోస్టులకు చేత్తో నాలుగు సూచక పదాలు రాసుకోవడమే వేగం.

చెప్పకుండా ఆగిపోవడం ఇలాంటి సేవలకు పెద్ద ప్రమాదం. బ్యాకప్ లాంటి పనులకు రాత్రిపూట తనంతట తాను నడవాల్సిన ప్రోగ్రాం ఆగిపోయినా సైటు మామూలుగానే కనిపిస్తుంది. తప్పు జరిగితే మెయిల్ పంపమని పెట్టడం చాలదు, ఎందుకంటే మెయిల్ పంపాల్సింది కూడా ఆ ఆగిపోయిన సర్వరే. పని సవ్యంగా పూర్తయిన ప్రతిసారీ బయట ఇంకోచోటికి కబురు పంపాలి. కబురు రాకపోతే ఆ బయటిది హెచ్చరించాలి. దాచిన పేజీల సైజులు గమనిస్తుండాలి. వరుసగా పది పేజీలు ఒకే సైజులో ఉన్నాయంటే దాచింది లాగిన్ పేజీనే.

బ్యాకప్ దగ్గర ఒక మెలిక. నడుస్తున్న ఎస్‌క్యూలైట్ ఫైలును మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో కాపీ కావచ్చు, పక్కనున్న 'వాల్' (డబ్ల్యూఏఎల్) అనే చిట్టా ఫైలులోని తాజా మార్పులు వదిలిపోవచ్చు. దాని సొంత బ్యాకప్ ఆజ్ఞనే వాడాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో అన్నది పాత నియమమే. రెండు హార్డ్ డిస్కులు ఒకే బీరువాలో ఉంటే అవి ఒక ప్రతి కిందే లెక్క. ఏడాదికోసారి ఖాళీ కంప్యూటర్ మీద బ్యాకప్ నుంచి మొత్తం నిలబెట్టి, హ్యాష్‌ల జాబితాతో సరిచూస్తేనే అది బ్యాకప్.

హ్యాష్‌కు ఇంకో ఉపయోగం కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాసే చోటు ఉంది. బెదిరింపు పోస్టులను సాక్ష్యంగా దాచుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. అయితే హ్యాష్ చెప్పేది ఆ ఫైలు అప్పటి నుంచి మారలేదని మాత్రమే. ఫలానావారే రాశారని అది చెప్పదు.

ఇక అనుమతులు. బహిరంగంగా పెట్టిన కవితైనా దాని హక్కు కవిదే, మరణానంతరం 60 ఏళ్ల దాకా వారసులది. వ్యక్తిగతంగా దాచుకోవడం వేరు, సైటులో అందరికీ చూపడం వేరు. రచయిత నుంచి రాతపూర్వకంగా మూడు ముక్కలు తీసుకోవాలి: దాచవచ్చా, చూపవచ్చా, నా తర్వాత ఎవర్ని అడగాలి. మూడోది మొహమాటం లేకుండా అడగాలి. ఫేస్‌బుక్‌లో లెగసీ కాంటాక్టుగా, అంటే తన తర్వాత ఖాతా చూసుకునే మనిషిగా, ఎవరినైనా పెట్టుకుని, డౌన్‌లోడ్ అనుమతి ఇవ్వమని అప్పుడే చెప్పాలి. అది లేకపోతే రచయిత పోయాక కుటుంబసభ్యులు కూడా ఆ ఖాతా ప్రతిని తెచ్చుకోవడం కష్టమవుతుంది. వ్యాఖ్యలు రాసినవారు అనుమతి ఇవ్వలేదు కాబట్టి వాళ్ల పేర్లు బయటికి చూపకూడదు. మూసిన వాట్సాప్ గ్రూపుల సంభాషణను సభ్యులందరి ఒప్పుదల లేకుండా సైటులో అసలు పెట్టకూడదు.

రచయిత తీసేయమంటే తీసేయాలి. రాజకీయ నాయకులు చెరిపేసిన ట్వీట్లను బయటపెట్టే పొలిట్‌వూప్స్‌కు 2015లో ట్విటర్ దారి మూసి, ఆ ఏడాది చివర్లో మళ్లీ తెరిచింది. పదవిలో ఉన్నవారి మాటకు ఆ నిలదీత సబబే. మామూలు మనిషి ఏదో కోపంలో రాసి చెరిపేసుకున్నదానికి కాదు. చాలామంది నడిపేవారికి తట్టనిదేమిటంటే, పాత బ్యాకప్ నుంచి సేవను తిరిగి నిలబెట్టిన రోజున తొలగించిన పోస్టులన్నీ మళ్లీ లేచొస్తాయి. తొలగించిన పోస్టుల గుర్తుల జాబితాను బ్యాకప్‌కు బయట విడిగా ఉంచి, తిరిగి నిలబెట్టిన ప్రతిసారీ మొదట దాన్నే అమలు చేయాలి.

డబ్బు సంగతి. చిన్న సర్వరుకు నెలకు ఐదారు వందలు, డొమైనుకు ఏడాదికి వెయ్యికి అటూ ఇటూ. మొత్తం కలిపి ఏడాదికి పదివేల లోపే. ఇబ్బంది మొత్తంతో కాదు, కట్టే పద్ధతితో. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాల వల్ల విదేశీ సంస్థలు మన కార్డుల నుంచి నెలనెలా దానంతటదే తీసుకునే చెల్లింపులు చాలాసార్లు తిరగబడుతున్నాయి. హెచ్చరిక మెయిల్ చూడకపోతే సర్వర్ తుడిచేస్తారు. ఏడాదికో రెండేళ్లకో ఒకేసారి ముందుగా కట్టేయడం క్షేమం. డొమైను వ్యక్తి పేరున కాకుండా సంస్థ మెయిల్ మీద ఉండాలి.

ఉచితంగానే నడపాలన్న పట్టుదల మంచిది కాదని నా అభిప్రాయం. లింకులు దాచుకునే పిన్‌బోర్డ్ అనే సేవను మాచే సెగ్లోవ్‌స్కీ 2009లో మొదలుపెట్టి, మొదటినుంచీ డబ్బు తీసుకున్నాడు. చందాదారుల ట్వీట్లను కూడా అది దాచేది. ఉచితంగా ఇచ్చిన డెలిషియస్ యాహూ చేతి నుంచి చేతులు మారి చివరికి 2017లో ఆ పిన్‌బోర్డ్‌కే 35 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. నలభై మంది సభ్యులు ఏడాదికి తలా 250 రూపాయలు వేసుకుంటే పదివేలు. ఆ మాత్రం ఇవ్వని సంస్థకు ఆర్కైవు అక్కర్లేదనుకోవచ్చు.

సేవను మెరుగుపరచడమంటే లాగిన్లు, లైకులు, మొబైల్ యాప్ పెట్టడం కాదు. అవన్నీ రోజూ కాపలా కాయాల్సినవి. చదివే పేజీలను ముందే తయారుచేసిన హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా ఉంచితే భద్రతాలోపాలు తక్కువ, ఏఐ సంస్థల యంత్రాలు విరుచుకుపడినా చిన్న సర్వర్ తట్టుకుంటుంది. శ్రమ మిగిలితే దాన్ని అప్పగింత మీద పెట్టాలి. ఏ ఫైలు ఏమిటో తెలుగులో రాసిన ఒక పేజీ, పాస్‌వర్డులున్న సీలు కవరు సంస్థ కార్యదర్శి దగ్గర, ఏటా ప్రతి రచయితకూ ఆయన భాగం ఉన్న పెన్‌డ్రైవు, ఊరి గ్రంథాలయానికి ఒక హార్డ్ డిస్కు. ఎవరైనా వాడుకోవచ్చన్న స్వేచ్ఛా లైసెన్సుకు ఒప్పుకున్న రచయితల భాగాన్ని ఇంటర్నెట్ ఆర్కైవులో కూడా పెట్టవచ్చు. ఏడాదికోసారి రెండోవ్యక్తి చేత, మొదటివారు పక్కన లేకుండా, ఆ పేజీ చూసి సేవను నిలబెట్టించాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ పేజీలో ఒక వాక్యం తక్కువైనట్టు.

చివరగా మీకొక విన్నపం. మీ వెబ్‌సైటులో వార్తల మధ్య పోస్టులను ఎంబెడ్ చేస్తున్నారు, అంటే పాఠం రాయకుండా పోస్టునే దాని సైటు నుంచి తెచ్చి అతికిస్తున్నారు. అలా అతికించే సేవగా పేరుపడ్డ స్టోరిఫై 2018 మేలో మూతపడింది. 2022 ఏప్రిల్‌లో ట్విటర్ తన కోడు మార్చడంతో, చెరిపేసిన ట్వీట్లు ఎంబెడ్ అయిన చోట్ల ఖాళీ పెట్టెలు కనిపించాయి. విమర్శలొచ్చాక ఆ మార్పును వెనక్కి తీసుకుంది. మీ పాత వార్తల్లో ఏముండాలో నిర్ణయించే అధికారం వేరేవాళ్ల చేతిలో ఎందుకు? పోస్టు పాఠాన్ని వార్తలోనే కోట్ చేసి, రాసినవారి పేరు, పెట్టిన తేదీ, సమయం, పూర్తి లింకు మామూలు అక్షరాల్లో ఇవ్వండి. అచ్చు సంచికలోనూ 'ఫేస్‌బుక్ నుంచి' అని ఊరుకోకుండా తేదీ వేయండి. సాహిత్య పేజీకి ఎంచుకున్న పోస్టుల పాఠాన్ని యూనికోడ్‌లో రచయిత నుంచే తెప్పించుకుని, అను ఫాంటులోకి మార్చాక కూడా ఆ యూనికోడ్ ఫైలును మీ దగ్గర తీసిపెట్టండి.

ఇట్లు
డిజిటల్ రాతల్ని భద్రపరిచే పనిలో ఉన్న ఒక పాఠకుడు,
హనుమకొండ